బిలాస్‌పూర్: పట్టాల పక్కన మనవాళ్ల ఊరు



వలస అనగానే ఈ రోజుల్లో మనకు గుర్తొచ్చేవి అమెరికా, గల్ఫ్. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెద్దవాళ్లున్న ఇళ్లలో ఒక్కసారి కదిపి చూడండి. "మా తాత ఖరగ్‌పూర్‌లో చేసేవాడు", "మా మేనత్తని బిలాస్‌పూర్ ఇచ్చారు", "మా పెదనాన్న చక్రధర్‌పూర్‌లో రిటైరయ్యాడు" అనే మాట ఏదో ఒక ఇంట వినబడుతుంది. విమానాలు ఎక్కడానికి చాలా ముందే మనవాళ్లు రైలెక్కారు. ఎక్కి ఊరుకోలేదు. దాన్ని నడిపారు, దాని పట్టాలు సరిచేశారు, దాని ఇంజనుకి బొగ్గు వేశారు. అలా వెళ్లి స్థిరపడ్డ ఊళ్లలో బిలాస్‌పూర్ ఒకటి. నేను పెరిగింది అక్కడి రైల్వే క్వార్టర్లలోనే. ఇవాళ ఆ ఊరి తీరు, అక్కడి మనవాళ్ల తీరు నాలుగు మాటలు చెబుతాను.

బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున ఉంది. ఇప్పుడది రాష్ట్ర హైకోర్టు ఉన్న నగరం. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం అక్కడే. 2011 జనాభా లెక్కల్లో 3 లక్షలు దాటింది. పాత రాజధాని గౌరవం మాత్రం పాతిక కిలోమీటర్ల అవతలున్న రతన్‌పూర్‌ది. కలచురి రాజులు ఏలింది అక్కణ్నుంచి, మహామాయ అమ్మవారి గుడి ఉన్నదీ అక్కడే. బిలాస్‌పూర్‌ను పెద్ద చేసింది రాజు కాదు, రైలు.

1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. మన పెద్దలు దాన్ని బీఎన్నార్ అనేవాళ్లు. 1891 నాటికి నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా దాని ప్రధాన మార్గం పూర్తయింది. బిలాస్‌పూర్ నుంచి ఉత్తరంగా కట్నీ వైపు మరో లైను చీలింది. దాంతో అది జంక్షనైంది. ఊరు మైదానంలోనే ఉన్నా, కట్నీ లైను కాస్త దూరం పోగానే మైకల్ కొండల్లోకి ఎక్కుతుంది. కోటా దాటాక అడవి చిక్కబడుతుంది. ఖోంగ్‌సరా, భన్వార్‌టోంక్ దగ్గర కొండవాలు, సొరంగం, లోతైన లోయలు. ఆపైన పెండ్రా రోడ్. చల్లగాలికి పేరుపొందిన చోటు. క్షయ రోగుల కోసం అక్కడ శానిటోరియం ఉండేది. దూరాల నుంచి రోగులు వచ్చి బిలాస్‌పూర్‌లో రైలు మారి కొండెక్కేవాళ్లు.

మరి మనవాళ్లు అక్కడికెలా చేరారు? దానికో కారణముంది. కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పు తీరపు లైను 1902లో బీఎన్నార్ చేతికొచ్చింది. అంటే శ్రీకాకుళం రోడ్డులో గాని, విజయనగరంలో గాని రైల్వేలో చేరినవాడు అదే కంపెనీ నౌకరుగా ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్ ఎక్కడికైనా పోవచ్చు. అయితే దారి చుట్టు. ఖరగ్‌పూర్ మీదుగా బెంగాల్ చూసి మరీ రావాలి. అప్పట్లో మధ్య పరగణాల్లో మాంగనీసు ఖనిజం దండిగా దొరికేది. అది సముద్రానికి చేరాలంటే దగ్గర్లో రేవు లేదు. విశాఖలో రేవు కట్టాలనీ, విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు కొండల మధ్యగా లైను వేయాలనీ జంటగా తలపెట్టారు. ఆ లైను 1931లో పూర్తయింది, రేవు 1933లో తెరుచుకుంది. మాంగనీసు కిందికి దిగింది. అదే దారిన మనుషులు పైకెక్కారు. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్, బిలాస్‌పూర్. నేటికీ విశాఖ నుంచి కోర్బా వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఆ దారినే పోతుంది. దాంట్లో పండగలకి చూడాలి, ఒక్కో పెట్టెలో తాటాకు బుట్టలు, పనసకాయలు, ఊరగాయ జాడీలు, వాటి మధ్య ఎక్కడో మనుషులు.

ఇక్కడో సంగతి చెప్పాలి. బిలాస్‌పూర్‌లో పేరుమోసిన తెలుగువాడు రైల్వే మనిషి కాడు. ఆయన ఈ. రాఘవేంద్రరావు. నాగపూర్ పక్కన కాంప్టీలో 1889లో పుట్టారు. కాంప్టీ సైనిక స్థావరం. మద్రాసు పటాలాలతో పాటు తెలుగు కుటుంబాలు రైలు రాకముందే అక్కడికి చేరాయి. రాఘవేంద్రరావు ఇంగ్లండులో బారిస్టరు చదివొచ్చి బిలాస్‌పూర్‌లో వకాల్తా పెట్టారు. 1916 నుంచి పదేళ్లకు పైగా పురపాలక సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఆ తర్వాత మధ్య పరగణాల ప్రభుత్వంలో మంత్రి, హోం మెంబరు. 1936లో కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరు. 1941లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో పౌర రక్షణ శాఖ చూశారు. 1942లో పోయారు. తెల్లదొరల ప్రభుత్వంలో పదవులు తీసుకున్నందుకు కాంగ్రెస్ వాళ్లు ఆయన్ని గట్టిగానే విమర్శించారు. అయినా ఊళ్లో ఆయన పేరిట సభాభవనం నిలిచి ఉంది. పెళ్లిళ్లు, ప్రదర్శనలు, సభలు అన్నీ అందులోనే. అక్కడికి వెళ్లే కుర్రాళ్లలో ఎంతమందికి ఆయన తెలుగువాడని తెలుసో చెప్పలేను.

బారిస్టర్ల సంగతి అలా ఉంచి, పట్టాల పక్కకొద్దాం. బిలాస్‌పూర్ నిజానికి రెండు ఊళ్లు. స్టేషనుకి ఒకవైపు గోల్‌బజార్, సదర్ బజార్, వ్యాపారాలు, సొంత మేడలు. రెండోవైపు రైల్వే ప్రాంతం. అక్కడ దుకాణాలకు బుధ్‌వారీ బజార్. ఆటలకీ సినిమాలకీ ఇన్‌స్టిట్యూటు. మిగతాదంతా క్వార్టర్లు. మనిషి హోదా ఇంటి గోడలోనే తెలిసిపోయేది. గ్యాంగ్‌మన్‌కి, ఖలాసీకి ఒక గది, ఒక వసారా. డ్రైవరుకి, గార్డుకి అంతకంటే పెద్దది. ఆఫీసర్లకు చుట్టూ మామిడిచెట్లున్న బంగళాలు. అన్ని ఇళ్లకూ ఒకే రంగు సున్నం. ఎవడి ఇల్లూ వాడిది కాదు. రిటైరైతే ఖాళీ చెయ్యాలి. బదిలీ అయితే ఖాళీ చెయ్యాలి. పొరపాటున ఉద్యోగి ఉద్యోగంలో ఉండగా పోతే, కొడుక్కో భార్యకో కారుణ్య నియామకం వచ్చేలోపే క్వార్టరు బెంగ పట్టుకునేది.

ఆ ఇళ్లలో పొద్దు గడియారాన్ని బట్టి నడిచేది కాదు, డ్యూటీని బట్టి నడిచేది. రాత్రి రెండింటికి తలుపు చప్పుడయ్యేది. కాల్ బాయ్. పేరుకి బాయ్ గాని, చాలాసార్లు నడివయసు మనిషి. చేతిలో లాంతరు, చంకలో కాల్ బుక్. "ఫలానా గూడ్సు, నాలుగింటికి" అని ఒక్కమాట. ఇంటాయన నిద్రకళ్లతోనే ఆ పుస్తకంలో సంతకం చేసి టైము వేసేవాడు. సంతకం పెట్టాక ఇక వెనక్కి తీసుకోడానికి లేదు. ఇంటావిడ అప్పటికే పొయ్యి ముట్టించేది. వెళ్లేది రాయ్‌గఢ్‌కో, షహడోల్‌కో. తిరిగి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. అందుకని క్యారేజీలో రెండు పూటలకి సరిపడా సర్దాలి. ఎండాకాలం పులిహోర పాడవదు. చలికాలం రొట్టెలు నయం. ఇనప ట్రంకుపెట్టె, అందులో జెండాలు, చేతిదీపం, రూల్ బుక్కు, ఒక జత బట్టలు. దాన్ని మోసుకుపోవడానికి బాక్స్ బాయ్ వేరే.

పగటిపూట ఇంకో చిత్రం. ఆడుకుంటున్న పిల్లలు ఏదో ఒక ఇంటి దగ్గరకు రాగానే గొంతు తగ్గించేవాళ్లు. "అంకులు నైట్ దిగొచ్చి పడుకున్నారు." తెలుగు ఇల్లా, బెంగాలీ ఇల్లా, బిహారీ ఇల్లా అని లేదు. రాత్రంతా బండి నడిపినవాడి నిద్ర చెడగొడితే మర్నాడు బండిలో ఉన్నవాళ్లందరికీ ముప్పు. ఈ మాట ఎవరూ పాఠంగా చెప్పలేదు, పిల్లలకి దానంతటదే వచ్చింది. నన్నడిగితే రైల్వే ఊరి సంస్కారం మొత్తం అందులోనే ఉంది. పక్కవాడి భాష రాకపోయినా ఫర్వాలేదు, పక్కవాడి డ్యూటీ తెలియాలి.

ఇలాంటి ఊళ్లో పరిచయాలు గాఢంగా ఉంటాయి, చప్పున తెగిపోతాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని ఎప్పుడో పట్టుకున్నాడు. 1918లో వచ్చిన 'పలాతకా' సంపుటిలో 'ఫాంకి' అనే కథాకవిత ఉంది. జబ్బుపడ్డ భార్యను గాలిమార్పుకి తీసుకుపోతూ ఒకాయన బిలాస్‌పూర్ స్టేషన్‌లో దిగుతాడు. తర్వాతి బండికి ఆరుగంటలు ఆగాలి. ఆ కాస్తలో భార్యకి రుక్మిణి అనే కూలీ భార్యతో స్నేహం కుదురుతుంది. రుక్మిణి కూతురి పెళ్లికి పాతిక రూపాయలివ్వమని ఆ ఇల్లాలు మొగుణ్ని అడుగుతుంది. ఆయన సరేనని, రుక్మిణిని చాటుకు తీసుకెళ్లి బెదిరించి రెండు రూపాయలతో సరిపెట్టి పంపేస్తాడు. కొన్నాళ్లకు భార్య చనిపోతుంది. మొగుడు మోసం చేశాడన్న సంగతి తెలియకుండానే, ఆయన్ని దీవిస్తూ పోతుంది. ఆయన పాతిక రూపాయలూ ఇచ్చేద్దామని బిలాస్‌పూర్ తిరిగొస్తాడు. రుక్మిణి లేదు. ఆ కుటుంబం ఎక్కడికో వెళ్లిపోయింది, ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఆ కవితను ఇప్పుడు బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఫలకం మీద రాసిపెట్టారు. దాని ముందు నిలబడ్డ రైల్వేవాడికి ఆ కథ ఠాగూర్ ఊహ అనిపించదు. అప్పు తీర్చాల్సినవాడు బదిలీ అయిపోవడం, స్నేహం చేసిన పిల్ల స్కూలు మారిపోవడం అక్కడ ప్రతి ఏడూ జరిగేదే.

అందుకే కాబోలు, సొంతిల్లు లేని మనుషులు సొంతమైనవి కొన్ని పట్టుబట్టి కట్టుకున్నారు. ఆంధ్ర సమాజం పెట్టారు, దాని పేరున బడి పెట్టారు. వెంకటేశ్వరస్వామికి గుడి కట్టారు. ఊరివాళ్లు బాలాజీ మందిర్ అంటారు. ఒరియావాళ్లకి జగన్నాథుడు, రథయాత్ర. బెంగాలీలకి దుర్గాపూజ. బిహారీలకి తోర్వా దగ్గర అర్పా ఒడ్డున ఛఠ్. మనవాళ్లకి ఎండాకాలంలో బారా ఖోలీ చౌక్‌లో సోలాపురీ మాత పూజ.

ఆ పూజ చూడాల్సిందే. అమ్మవారి రూపాన్ని పసుపుతో తీరుస్తారు. రోజుల తరబడి పూజలు. అమ్మవారు కాలనీ వీధుల్లోకి వచ్చినప్పుడు ఇంటింటి ముందూ కడిగి ముగ్గు పెడతారు. ఆడవాళ్లు బిందెలతో పసుపునీళ్లు, వేపమండలు పట్టుకుని నిలబడతారు. ఏప్రిల్, మే ఎండకి రోడ్డు కాలిపోతుంటుంది. ఆ నీళ్లు పడ్డచోటల్లా ఆవిరి లేస్తుంది, వేపాకు వాసన, పసుపు వాసన కలిసి కొడుతుంది. డప్పు మోగుతుంటే ఎవరికో పూనకం వస్తుంది. చుట్టూ నిలబడ్డవాళ్లలో సగంమంది తెలుగువాళ్లు కారు. అయినా బిందె దించి దండం పెడతారు. ఊళ్లో మనం ముత్యాలమ్మకి, పైడితల్లికి చేసేదే ఇది. ఒక్క తేడా, అక్కడ అమ్మవారికి పొలిమేర లేదు. చెరువుగట్టూ లేదు, వేపచెట్టు కింద గద్దే లేదు. రైల్వేవాళ్ల స్థలంలో పందిరి వేసి, కాగానే తీసేయాలి. అలాంటి తల్లిని ఏటా కొత్తగా పిలుచుకోవడం వాళ్లకి అలవాటైంది.

తిండి సంగతి చెప్పకపోతే మా అమ్మ ఊరుకోదు. ఛత్తీస్‌గఢ్ వాళ్లూ మనలాగే అన్నం మనుషులు. వాళ్ల చీలా అంటే బియ్యప్పిండి అట్టు. ఫరా అంటే ఆవిరి మీద ఉడికించే బియ్యప్పిండి వంటకం. రాత్రి అన్నంలో నీళ్లుపోసి పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినే బోరే బాసీ అచ్చంగా మన చద్దన్నమే. 2022 మే 1న కార్మిక దినోత్సవం నాడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దాన్ని పండగలా జరిపింది, ముఖ్యమంత్రి నుంచి గుమాస్తా దాకా బోరే బాసీ తిని ఫొటోలు పెట్టారు. కాలనీలోని మా ముసలమ్మలు నవ్వుకున్నారు. చద్దన్నం తింటున్నామని చెప్పుకోడానికి సిగ్గుపడి జీవితమంతా తలుపేసుకుని తిన్నవాళ్లు మరి.

రైల్వే ఊళ్లో రాజకీయమూ రైలుదే. బీఎన్నార్ కార్మికులను కూడగట్టినవాళ్లలో మన వి.వి. గిరి ముఖ్యులు. 1928లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా బీఎన్నార్‌లో అహింసాయుతంగా సమ్మె నడిపించారు. కాలం ఎంత చిత్రమైనదంటే, 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైనప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆ గిరిగారే. ఇరవై రోజుల ఆ సమ్మెలో వేలమందిని అరెస్టు చేశారు, దేశంలో చాలాచోట్ల కార్మికుల కుటుంబాలను క్వార్టర్ల నుంచి గెంటేశారు. ఇల్లు యజమానిదైనప్పుడు కార్మికుడి మెడ ఎంత తేలిగ్గా వంచవచ్చో రైల్వే కాలనీలకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

తర్వాత జోను ఉద్యమం. సరుకు రవాణాలో దేశానికి అంత ఆదాయం తెచ్చే బిలాస్‌పూర్ కలకత్తా కింద ఒక డివిజనుగా ఎందుకుండాలని ఊరు మొత్తం అడిగింది. 1996లో ఆందోళన ఉద్ధృతమైంది, రైల్వే ఆస్తులు తగలబడ్డాయి. 1998 సెప్టెంబరులో కొత్త జోను ప్రారంభమైంది. 2003 ఏప్రిల్ 1 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేగా బిలాస్‌పూర్ కేంద్రంగా పనిలోకొచ్చింది. మన విశాఖ జోను ప్రకటన 2019 ఫిబ్రవరిలో వచ్చింది, శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. పోల్చుకుంటే బిలాస్‌పూర్ వాళ్లు ముందే గెలిచినట్టు. అయితే ఆ గెలుపులో మనవాళ్లకో నష్టం కలిసొచ్చింది. అంతకుముందు వాల్తేరు, బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్ అన్నీ ఒకే సౌత్ ఈస్టర్న్ రైల్వే. ఎన్నాళ్లకైనా వాల్తేరుకు బదిలీ చేయించుకోవచ్చన్న ఆశ ఉండేది. 2003లో వాల్తేరు ఈస్ట్ కోస్ట్‌కి, బిలాస్‌పూర్ కొత్త జోనుకి పోయాయి. ఇప్పుడు కోరి వెళ్లాలంటే జోను మారాలి. జోను మారితే సీనియారిటీ అడుక్కి పోతుంది. పదిహేనేళ్లు చేసినవాడు నిన్న చేరిన కుర్రాడి కింద నిలబడాలి. చాలామంది ఆ మాట విని బిలాస్‌పూర్‌లోనే స్థలం కొనుక్కున్నారు.

ఊరు కూడా మారింది. స్టీము ఇంజన్లు పోయాయి, కాల్ బాయ్ పోయాడు, ఇప్పుడు సెల్‌ఫోను మోగుతుంది. బొగ్గు మాత్రం పెరిగింది. కోర్బా గనుల నుంచి రాత్రింబవళ్లు బొగ్గు బళ్లు. 2022 ఆగస్టు 15న 'సూపర్ వాసుకి' అని ఒక గూడ్సును నడిపారు. అయిదు బళ్లను ఒకదానికొకటి తగిలించి, 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు. బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం దేశంలోని పొడవైన వాటిలో ఒకటి, 802 మీటర్లు. అలాంటి నాలుగు ప్లాట్‌ఫారాలకు మించిన బండి అది. ఘనతే. కాని అదే ఏడాది బొగ్గుకు దారివ్వడం కోసం ఆ ప్రాంతంలో ప్రయాణికుల బళ్లను వరసపెట్టి రద్దుచేశారు. దేశానికి కరెంటు ఇచ్చే బళ్లు పోతుంటే ఊరివాళ్లు గేటు దగ్గర ఆగి వ్యాగన్లు లెక్కపెట్టుకున్నారు. రికార్డు బళ్లు పెరిగినంతగా రైల్వే ఉద్యోగాలు పెరగలేదు. మూడోతరం పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో పోతున్నారు. వాళ్లకి తెలుగు మాటలొచ్చు, చాలామందికి అక్షరాలు రావు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరలవాళ్లతో ఛత్తీస్‌గఢీ. "అరే, ఇదర్ రావే, అన్నం తిను" అనడం అక్కడ తప్పు కాదు.

దీన్ని బట్టి భాష పోయిందని, మూలాలు పోయాయని నేను కన్నీళ్లు పెట్టబోను. ఎందుకంటే ఆ ఊళ్లో నాకు కనబడింది వేరు. మనం సాధారణంగా ఊరంటే భూమి అనుకుంటాం. తాతల ఇల్లు, పొలం గట్టు, శ్మశానంలో మన వంశం వాళ్ల చోటు. బిలాస్‌పూర్ తెలుగువాళ్లకి ఇవేవీ లేవు. సర్కారు గోడల మధ్య, బదిలీ కాగితం ఎప్పుడొస్తుందో తెలియని బతుకులో, నూరేళ్లకు దగ్గరగా ఒక బడిని, ఒక గుడిని, ఏటా ఒక జాతరను నిలబెట్టుకున్నారు. ఒకడు బదిలీ అయితే చందా పుస్తకం రెండోవాడు అందుకున్నాడు. ఊరును పట్టి ఉంచేది ఆస్తి కాదు, వంతులవారీ బాధ్యత అని వాళ్లు రుజువు చేశారు. రైల్వేలో డ్యూటీ అప్పజెప్పినట్టే.

ఉత్తరాంధ్ర చరిత్ర రాసేవాళ్లు కళింగపట్నం దగ్గర మొదలెట్టి విశాఖ రేవు దగ్గర ఆపేస్తారు. ఆ రేవుకి ఖనిజం దించిన లైను మీదుగా వెళ్లిన వేల కుటుంబాల కథ అందులో ఉండదు. ఏ గ్రామం నుంచి ఎవరు ముందు వెళ్లారు, ఏ మేస్త్రీ చేర్పించాడు, మొదటి జీతం ఎంత, మొదటిసారి ఇంటికి ఏం పంపారు, ఇవి రైల్వే దస్తావేజుల్లో దొరకవు. మీ ఇళ్లల్లో పాత సర్వీసు కాగితాల మధ్య, ముసలివాళ్ల నోళ్లల్లో ఉన్నాయి. వాళ్లు ఎనభైలు దాటుతున్నారు. ఈ సంక్రాంతికి వాళ్లు ఊరొచ్చినప్పుడు పక్కన కూర్చుని అడగండి. ఫోనులో రికార్డు చెయ్యండి, తేదీలు రాసుకోండి. వంశవృక్షంలో ఊరి పేరు పక్కన బిలాస్‌పూర్ అని కూడా రాయండి.